పొత్తిళ్ళ మాటలు: సరిహద్దుల అవతలి తెలుగిళ్ళలో పురిటి ముందరి కుట్టుపని

ఇంటి ఆడపిల్ల నెల తప్పిందని తెలిసిన నాటి నుంచి ఆ ఇంట పాత నూలు చీరలకు విలువ వస్తుంది. స్టీలు సామాన్లవాడికి వేద్దామని కట్టిన మూటను అమ్మమ్మ కాబోయే ఆవిడ మళ్ళీ విప్పుతుంది. మెత్తనివి ఒక పక్కకు, గరుకువి ఒక పక్కకు తీస్తుంది. తాతగారి పంచెలు కూడా అందులో చేరతాయి. సూది, దారపుండ వెతుక్కొంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇది ఎంత మామూలో, బళ్ళారిలో, కోవిల్‌పట్టిలో, బరంపురంలో, సోలాపురంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగిళ్ళలోనూ అంతే మామూలు. పని ఒకటే గాని ఆ పనికి వాడే మాటలు ఊరు మారితే మారుతున్నాయి. ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో ఇల్లు మారితే మారుతున్నాయి. అవి ఎందుకు మారుతున్నాయో, ఏవి మారకుండా నిలిచాయో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షలకు పైగా ఉన్నారు. వీరి భాషను గురించి ఎవరైనా రాసినప్పుడు బంధువాచకాలు, క్రియారూపాలు, సేద్యపు మాటలు చూస్తారు. వృత్తుల మాటలకు మనకు మంచి సంప్రదాయమే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనూ, చేనేత సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. అయితే అవి వృత్తుల కోశాలు. పురిటి ముందు ఇంట్లో కుట్టే బొంత ఎవరి వృత్తీ కాదు. దానికి కులం లేదు, కూలి లేదు, సంత లేదు. వెళ్ళిన పరిశోధకుడు అడిగేది యజమానిని. యజమానికి నాగలి భాగాల పేర్లన్నీ తెలుసు గాని మనవడి కింద పరిచినదాన్ని ఏమంటారో తెలియదు.

ముందు వస్తువును వివరించాలి. చంటిపిల్లల బొంత పెద్దల బొంతకు చిన్న రూపం కాదు. పెద్దల బొంతలో ఎన్ని పొరలున్నా ఫరవాలేదు, బరువుగా ఉంటేనే వెచ్చన. చంటిబిడ్డది మూడు నాలుగు పొరలు మించితే తడిసినప్పుడు ఒక పట్టాన ఆరదు. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు తడుపుతుందో ఎరిగినవాళ్ళు ఆ పని చేయరు. పైనా అడుగునా మెత్తని చీరముక్కలు వేసి, మధ్యన చిరుగులు పడ్డ పంచె ముక్కలు పెడతారు. జరీ అంచు ఉంటే గుచ్చుకొంటుందని ముందే తీసివేస్తారు. బట్టలను వేడినీళ్ళలో ఉడికించి ఎండబెట్టిన తరువాత నేలమీద పరచి, ముడత లేకుండా అరచేత్తో సాగదీసి, పొరలు కదలకుండా నాలుగు పక్కలా కచ్చాకుట్టు వేస్తారు. ఆ పైన అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా సన్నకుట్టు వేసుకొంటూ వస్తారు. ఈ కుట్టు చేసే పనులు రెండు. ఉతుకులో పొరలు విడిపోకుండా పట్టి ఉంచడం ఒకటి, పొరల మధ్య గాలిని చిన్న చిన్న అరల్లో నిలపడం రెండోది. బొంత వెచ్చదనంలో చాలా భాగం ఆ నిలిచిన గాలిదే. కుట్టు మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగుసుకొంటుంది. మరీ ఎడమైతే నాలుగు ఉతుకులకే లోపలి ముక్కలు ఉండకడతాయి. ఎంత ఎడం వేయాలో కొలిచి చెప్పేవారు లేరు, చూసి నేర్చుకోవలసిందే.

పాతబట్టే ఎందుకని అడిగితే డబ్బు లేక అనేస్తారు. అది సగం మాట. కొత్త నూలుబట్టలో గంజి ఉంటుంది, పోగు బిరుసుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలో గంజి పోయి, పోగు మెత్తబడి, తడిని చప్పున పీల్చుకొంటుంది. మిగిలిన సగం నమ్మకానికి సంబంధించినది. బిడ్డ భూమ్మీద పడకముందే కొత్తబట్టలు తెచ్చి పెట్టకూడదని చాలా తెలుగిళ్ళలో పట్టింపు ఉంది. కొత్తబట్ట పురుడు వెళ్ళాక, బారసాలకే. పురిట్లో పిల్లలు పోవడం ఇంటింటి అనుభవమైన కాలంలో ఈ పట్టింపు ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. పాతబట్టకు మాత్రం ఆ నిషేధం తగలదు. ఎవరికమ్మా ఈ బొంత అని అడిగితే “ఇంట్లోకి” అంటారు గాని పుట్టబోయే బిడ్డకని అనరు. గ్రహణం నాడు గర్భిణి సూది, కత్తెర ముట్టరాదన్న మరో నమ్మకం కూడా ఈ రాష్ట్రాలన్నిటా వినబడుతుంది. దానికి శాస్త్రాధారమేమీ లేదు.

ఇక మాటలు. బొంత అనేది మనకు అచ్చమైన ఇంటిమాట. కన్నడంలోనూ బొంతె ఉంది గాని ఉత్తర కర్ణాటకలో ఎక్కువ వాడుక కౌదిది. మరాఠీలో గోధడి, వాకళ అంటారు, చంటిబిడ్డ కిందా మీదా వేసే చిన్నదానికి దుపటే అని వేరే పేరుంది. ఒడియాలో కంథా. ఇది సంస్కృతపు కంథా నుంచి వచ్చింది, మన నిఘంటువుల్లోనూ బొంత అనే అర్థంతో కనబడుతుంది. బొంత కుట్టే పెద్ద సూదిని మనం దబ్బనం అంటే కన్నడంలో దబ్బళ, మరాఠీలో దాభణ అంటారు. పనిముట్లు భాషల సరిహద్దులను లెక్కచేయవనడానికి ఇది మంచి ఉదాహరణ.

బొంత పేరు ఇలా ఊరూరికీ మారుతుంటే, దాని పక్కనే ఉండే మరికొన్ని మాటలు అంతగా చలించలేదు. పొత్తిగుడ్డ, పొత్తిళ్ళు అనేవి అలాంటివి. పుట్టిన బిడ్డను చుట్టే మెత్తని పాతగుడ్డ పొత్తిగుడ్డ. పొత్తిళ్ళలో బిడ్డ అంటే లోకం చూడని పసికందు. పంచెను నలుచదరంగా చింపి, మూలకు మడిచి కట్టే గుడ్డలను మర్యాదకు పక్కగుడ్డలంటారు గాని ఇంట్లో అందరూ అనేది ఉచ్చగుడ్డలనే. విద్వత్పత్రికలో ఈ మాట చూసి నొచ్చుకొనే పాఠకులు క్షమించాలి, భాషాశాస్త్రానికి దీనంత విలువైన మాటలు తక్కువ. ఎందుకంటే దీన్ని ఎవరూ బడిలో నేర్చుకోరు, అంగడిలో అడగరు, బయటివారి ముందు పలకరు. ఇల్లు దాటని మాట మీద పొరుగు భాష పట్టు సులభంగా పడదు. తమిళం, కన్నడమే రోజంతా మాట్లాడే ఇళ్ళలో కూడా దండెం మీది గుడ్డల దగ్గరకు వచ్చేసరికి తెలుగు పలకడం మేము చాలాచోట్ల విన్నాము.

ఒంటికి తొడిగేవాటి సంగతి వేరు. బిడ్డ తలకు పెట్టే కుట్టుటోపీని కన్నడం మాట్లాడే ఇళ్ళలో కులావి, కులాయి అంటారు. మరాఠీలో వీపు మీదికి జారే ముసుగుటోపీ కుంచీ, చేతులు వదులుగా ఉండే చిన్న చొక్కా ఝబలే. ఈ మాటలు అక్కడి తెలుగిళ్ళలో ఇంచుమించు ఉన్నవి ఉన్నట్టే చేరాయి. కులాయికి మూలం ఫారసీ కులాహ్. మన కుళ్ళాయి కూడా అదే. శ్రీనాథుడు కర్ణాట రాజసభకు వెళ్ళినప్పుడు తలకు పెట్టుకొన్నాడని చాటువు చెప్పే కుళ్ళాయి, కొలువులో పెద్దలు ధరించేది. అదే కుదురు మాట కన్నడ దేశంలో చంటిపిల్లల తలమీదికి దిగివచ్చింది.

ఈ తేడాకు మాకు తోచిన సూత్రం ఇది: చింపితే వచ్చేదానికి మన మాట, కత్తిరిస్తే వచ్చేదానికి పొరుగు మాట. చీరను చింపడానికి గురువు అక్కరలేదు. టోపీకి, చొక్కాకు కొలత కావాలి, కత్తిరింపు తెలియాలి. అది తెలిసిన పక్కింటావిడ దగ్గర నేర్చుకొంటారు, లేదా దర్జీకి ఇస్తారు. ఎవరి దగ్గర కత్తిరింపు నేర్చుకొంటే వారి మాటే దానితో పాటు ఇంట్లోకి వస్తుంది.

ఉయ్యాల దగ్గర ఈ సూత్రం తడబడుతుంది. చీరను దూలానికి కట్టడానికి కత్తెరతో పని లేదు. అయినా తమిళనాట చాలా తెలుగిళ్ళలో దాన్ని తూళి అనే అంటారు, అది తమిళపు మాట. కన్నడంలో తొట్టిలు, తమిళంలో తొట్టిల్, తెలంగాణలో తొట్టెల. ఇవన్నీ ఒక తల్లి పిల్లలు. అందువల్ల కోలారులో ఒక తెలుగు తల్లి తొట్టిలు అంటే అది కన్నడం నుంచి తెచ్చుకొన్నదా, తాతముత్తాతల నాటి సొంతమాటా అని ఆ ఒక్క మాటను బట్టి తేల్చలేము. సోదరభాషల మధ్య అప్పు ఇలా కంటికి కనబడకుండా జరుగుతుంది. మరాఠీ ఝోళీకీ మన జోలెకూ ఉన్న చుట్టరికం కూడా అటువంటిదే. మొలతాడు ఇందుకు పూర్తిగా భిన్నం. నల్లదారం పేని ఇంట్లోనే చేసే ఆ తాడును తమిళులు అరైఞాణ్ అంటారు, కన్నడిగులు ఉడిదార అంటారు, మరాఠీవారు కరదోడా అంటారు. తాడు ఒకటే, కట్టే చోటు ఒకటే, నాలుగు భాషలూ నాలుగు వేరు వేరు మాటలు కూర్చుకొన్నాయి.

అయితే ఒకే వీధిలోని రెండు తెలుగిళ్ళలో ఒకరు బొంత అని, మరొకరు కౌది అని ఎందుకంటారు? దీనికి జవాబు ఊళ్ళో దొరకదు, పెళ్ళిళ్ళలో దొరుకుతుంది. తొలిచూలు పుట్టింట జరగడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్లను పుట్టింటికి తీసుకువెళతారు. బొంతలు, పొత్తిగుడ్డలు కుట్టేది అమ్మమ్మ. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఆ బొంతల మూట కూడా వెళుతుంది. మూటతో పాటు మాటలూ వెళతాయి. కనుక ఏ ఇంట్లోనైనా చంటిపిల్లల సామగ్రికి ఉండే పేర్లు ఆ ఇంటి మగవారి వంశానివి కావు, కోడలి పుట్టింటివి. సోలాపురం పద్మశాలీ ఇంటికి తెలంగాణ నుంచి కోడలు వస్తే ఆ తరంలో బొంత, తొట్టెల మళ్ళీ చిగురిస్తాయి. మరాఠీ మాట్లాడే ఇంటి పిల్ల కోడలైతే మూటలో దుపటే, కుంచీ వస్తాయి. ఇది తప్పని మేము అనడం లేదు. ఎవరి అమ్మమ్మ మాట వారికి తీపి. కాని మాండలిక పటాలలో ఊరికొక చుక్క పెట్టి, అక్కడ ఫలానా మాట అని రాసే పద్ధతి ఈ పదాల విషయంలో పనికిరాదు. ఆడపిల్లలు నడిచిన దారులను గీయాలి.

బరంపురం, పర్లాకిమిడి వైపు ఈ దారులు ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖ వైపే సాగాయి. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనా పెళ్ళి సంబంధాలు ఆ గీతను పట్టించుకోలేదు. అందుకే అక్కడ బొంతకు కంథా పోటీ అంతగా లేదు. ఒడియా, బెంగాలీ ఇళ్ళలో బిడ్డ తల గుండ్రంగా రావాలని చేసే ఆవాల దిండు ఆ పరిసరాల తెలుగిళ్ళలోనూ కనబడుతుంది. శిశువైద్యులు దాన్నీ, బిడ్డ ముఖం మీదికి వచ్చే మెత్తని బొంతలనూ పడకలో వద్దంటున్నారు, ఆ మాట వినవలసిందే. యానాం గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నా చుట్టూ గోదావరి జిల్లాయే, అమ్మమ్మలూ అక్కడివారే.

ఇప్పుడు వస్తున్న మార్పు పొరుగు భాషది కాదు. ప్రసవానికి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తీసుకువెళ్ళే సంచిలో డైపర్లు, తిరుప్పూరు చొక్కాలు, జిప్పు పెట్టిన పరుపు అన్నీ అంగడివే. చాకిరీ తగ్గింది, అందుకు విచారించనక్కరలేదు. ఉద్యోగాలు చేసే అమ్మాయిలు ఏడో నెలకే పుట్టింటికి వెళ్ళి కూర్చోలేరు కూడా. పోయింది కుట్టు ఒక్కటే అయితే మేము ఈ వ్యాసం రాసేవారము కాము. నడవాలో నలుగురు ఆడవాళ్ళు బొంత చుట్టూ కూర్చొని రెండు నెలల పాటు తెలుగులో మాట్లాడుకొన్న వేళ కూడా దానితోనే పోయింది. తమిళనాడులో 2006 చట్టం తరువాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు గగనమయింది. అక్కడ చాలామంది తెలుగువారికి చదవను రాయను తెలుగు రాదు. వారికి తెలుగు అంటే ఇంట్లో వినేదే. ఆ ఇంట్లో కూడా వినే సందర్భాలు ఒకటొకటిగా తగ్గుతుంటే, తరువాతి తరం మాతృభాష గడిలో ఏమి రాస్తుందో ఊహించడం కష్టం కాదు.

మా పీఠం ఈ మాటలను సేకరించాలనుకొంటున్నది. మీ ఇంట్లో త్వరలో పురుడు ఉంటే, కనీసం ఒక బొంతైనా ఇంట్లో కుట్టించండి. కుట్టేవారి పక్కన కూర్చొని గుడ్డ, కుట్టు, టోపీ, ఉయ్యాల, మొలతాడు, గిలక్కాయ మొదలైన ప్రతిదానికీ వారు ఏమంటారో విన్నది విన్నట్టు రాసుకోండి. మంచి తెలుగు కాదేమోనని దిద్దవద్దు. మీ ఊరి పేరుతో పాటు మీ అమ్మమ్మగారి పుట్టినూరి పేరు కూడా తప్పకుండా రాసి పంపండి.