కుసువోకు 200 మీటర్లే.. మా గల్లీకి లెక్కే లేదు!

పోయినేడు మూడు వారాల పాటు రోజూ పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ బ్యాగు తగిలించుకొని లాల్‌దర్వాజాలోని మా ఇంట్లోంచి బయల్దేరేవాణ్ని. ఆఫీసుకు కాదు. ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కాసేపు అప్లికేషన్లు నింపి, మిగతా టైమంతా ఫోన్లో ఒక జపాన్ యానిమే చూసేవాణ్ని. ‘ది డిజాస్ట్రస్ లైఫ్ ఆఫ్ సైకీ కె.’ రెండో సీజన్. పేరు విని మా తమ్ముడు ‘సైకో సినిమానా?’ అన్నాడు.

కాదు, ఇది స్కూల్ కామెడీ. షూయిచి అసో రాసిన మాంగా దీనికి మూలం. హీరో కుసువో సైకీ హైస్కూల్ కుర్రాడు, గులాబీ రంగు జుట్టు, తల మీద రెండు యాంటెన్నాలు. మాయమవగలడు, గోడల్లోంచి చూడగలడు, 200 మీటర్ల లోపు ఎవరి మనసులో ఏముందో వినగలడు. వద్దన్నా వినబడుతుంది, అదే వాడి ఖర్మ. సినిమాకెళ్తే ముందే చూసేసినవాళ్ల ఆలోచనల్లోంచి క్లైమాక్స్ తెలిసిపోతుంది. వాడికి కావల్సింది ఒక్కటే, ఎవరి కంటా పడకుండా కాఫీ జెల్లీ తినడం.

రంజాన్ రాత్రి వాణ్ని లాడ్ బజార్‌లో నిలబెడితే? గాజులమ్మే ఆయన మనసులో అసలు రేటు, కొనే ఆమె మనసులో ఆఖరి రేటు, వెనకాల బండి హారన్ కొట్టేవాడి మనసులో బూతులు.. రెండు నిమిషాల్లో మాయమైపోతాడు.

మొదటి సీజన్ 2016లో వచ్చింది. కుసువోను ఆట పట్టించడానికి నెండో ఒక్కడు చాలు. వాడి బుర్రలో ఆలోచనే ఉండదు కాబట్టి ఎప్పుడొచ్చి భుజమ్మీద చెయ్యేస్తాడో తెలీదు. 2018లో వచ్చిన రెండో సీజన్‌లో 24 ఎపిసోడ్లు, ఒక్కో దాంట్లో నాలుగైదు చిన్న కథలు. అన్నీ పేలవు. అమ్మానాన్నల గిల్లికజ్జాలు నాకైతే బోర్ కొట్టాయి. కానీ కథ నడిచే దిక్కు మారింది. ఇప్పటిదాకా కుసువో అందర్నీ చదివేవాడు. ఇప్పుడు కుసువోను చదివేవాళ్లు వస్తారు.

ఐయురా మికోతో జోస్యం చెప్తుంది. బోనాలప్పుడు రంగం వింటూ పెరిగినవాణ్ని కాబట్టి నాకది పెద్ద వింతనిపించలేదు. అసలు మనిషి అకెచి తోమా. కొత్తగా క్లాసులో చేరతాడు, నోరు మూయడు. మనసులో ఉన్నదంతా గడగడా బయటికే చెప్పేస్తాడు. చిన్నప్పుడు కుసువోతో కలిసి చదివాడు. ఏ పవరూ లేకుండానే, చిన్న చిన్న విషయాలు గమనించి, నువ్వు మామూలు మనిషివి కాదని తేల్చేస్తాడు. నేను నవ్వడం ఆపేసి చూసిన చోటు అదే. ఇన్నేళ్లు దాచిన గుట్టు పట్టేసినవాడు బెదిరించడానికి రాలేదు, దోస్తీ కోసం వచ్చాడు. పారిపోదామనుకున్న కుసువోకు ఏం చెయ్యాలో తోచదు.

ఆ ఎపిసోడ్ చూసిన వారమే మా గల్లీ మొదట్లోని కిరాణా కొట్టు చాచా పిలిచాడు. ‘క్యా బేటా, ఆజ్‌కల్ గలే మే కార్డ్ నై దిఖ్‌రా?’ అన్నాడు. నా మెడలో ఐడీ కార్డు లేదని ఇంట్లోవాళ్లెవరూ చూడలేదు. ఆయన ఎన్నాళ్ల నుంచి గమనిస్తున్నాడో! మర్చిపోయానని అబద్ధం చెప్పబోయి ఆగిపోయాను. పోయింది చాచా, అన్నాను.

ఎట్లా పోయింది, ఎందుకు పోయింది అని అడగలేదు. పక్కన ఖాళీ డబ్బా మీద కూర్చోమని, రెండు చాయ్‌లు తెప్పించాడు. ‘అమ్మీ కో బోలా?’ అన్నాడు. లేదన్నాను. ‘ఆజ్ బోల్ దే’ అని బిస్కెట్ ప్యాకెట్ విప్పాడు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘మరి ఇన్నిరోజులు మధ్యాహ్నం ఎక్కడ తిన్నవురా?’ అంది.