కుట్టు మిషన్‌కి ఇంకా రాని విద్య

కుట్టు మిషన్ మీది రేకు పక్కకు జరిపి, కింద బాబిన్ కూర్చునే చోటు చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. పైదారం కిందికి దిగి, కిందిదారంతో పెనవేసుకుని పైకొస్తేనే కుట్టు పడుతుంది. కిందిదారం ఒక కొస గుడ్డలో ఉంది, మిగతాదంతా బాబిన్‌కి చుట్టి ఉంది. కాబట్టి పైదారం ప్రతి కుట్టుకీ బాబిన్ మొత్తాన్ని చుట్టి రావాలి. బాబిన్‌ని దేనికైనా బిగించి ఉంటే దారం అక్కడే తగులుకుని ఆగిపోవాలి కదా. మరి ఎలా దాటుతోంది?

"ఇంక కనిపెట్టడానికి ఏం మిగిలింది సార్?" అని తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగితే నాకు గుర్తొచ్చింది ఈ మిషనే. దీని గుండెకాయలాంటి భాగాలన్నీ 1850ల నాటికే తయారయ్యాయి. అయినా దీనికి చేతకాని పని ఒకటుంది. ముందు చేతనైనది చూద్దాం.

చేత్తో కుట్టేటప్పుడు సూది మొత్తం గుడ్డలోంచి అవతలికి వెళ్లిపోతుంది. దాని వెనకాల బెజ్జం, బెజ్జం వెనకాల దారం. అవతలి వైపు వేళ్లు అందుకుని మళ్లీ ఇటు పంపుతాయి. మొదట్లో మిషన్ చేయాలనుకున్నవాళ్లు ఈ వేళ్లనే అనుకరించబోయారు. సూదిని తిరగేయనక్కర్లేకుండా రెండు వైపులా మొన పెట్టి 1755లోనే ఒకాయన బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రాన్స్‌లో థిమోనియే కొక్కెం సూదితో, ఒకే దారంతో గొలుసుకుట్టు వేసే మిషన్ చేసి, పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టించాడు. 1831లో దర్జీలు గుంపుగా వచ్చి, తమ కూడు పోతుందని ఆ మిషన్లు విరగ్గొట్టారు.

అసలు మలుపు న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ చేతిలో వచ్చింది. 1830ల్లో ఆయన సూది బెజ్జాన్ని తోక నుంచి మొన దగ్గరికి దించాడు. దాంతో సూది అవతలికి దాటాల్సిన అవసరమే పోయింది. మొన గుడ్డలో మునిగి, దారాన్ని కింద చూపించి, వచ్చిన దారినే వెనక్కి వస్తే చాలు. మామూలుగా చేత్తో గుడ్డలు కుట్టేవాళ్లకి ఇలాంటి సూది పనికిరాదు. మిషన్‌కి మాత్రం ఇదే ప్రాణం.

ఆ మొన దగ్గర జరిగే తమాషా గమనించండి. సూదికి ఒక వైపు నిలువునా పొడుగాటి గాడి ఉంటుంది. రెండో వైపు బెజ్జానికి కాస్త పైన చిన్న నొక్కు. సూది అడుగుదాకా దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. గాడి వైపు దారం ఇబ్బంది లేకుండా జారుతుంది. నొక్కు వైపు దారాన్ని మాత్రం గుడ్డ ఒరిపిడి పట్టి ఉంచుతుంది. సూది లేస్తోంది, దారం లేవలేదు. ఆ మిగులు దారం పక్కకి ఉబ్బి చిన్న ఉచ్చులా తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ క్షణానికి, బాబిన్ చుట్టూ తిరిగే షటిల్ కొక్కెం మొన వచ్చి ఉచ్చులో దూరుతుంది. సూది తిరగేసి బిగిస్తే ఉచ్చు కొక్కేనికి అవతలి పక్క పడుతుంది. మిషన్ ఎంత తొక్కినా కుట్టు రాదు.

ఉచ్చు అందుకున్న కొక్కెం దాన్ని వెడల్పు చేసి బాబిన్ కేసు మీదుగా తిప్పుతుంది. చిక్కు విడిపోయేది ఇక్కడే. బాబిన్‌ని, దాని కేసుని, షటిల్‌ని దేనికీ బిగించరు. గాడిలో వదులుగా కూర్చోబెడతారు, అంతే. షటిల్‌ని తోసే చోటా, కేసు గిర్రున తిరగకుండా ఆపే చోటా దారం పట్టేంత సందు వదులుతారు. ఉచ్చు ముందు నుంచి ఒక పాయ, వెనక నుంచి ఒక పాయగా బాబిన్‌ని దాటి, ఆ సందుల్లోంచి జారి బయటపడుతుంది. పైనున్న దారం లాగే మీట ఆ వదులంతా పైకి గుంజేసరికి రెండు దారాలూ గుడ్డ మందం మధ్యలో ముడిపడతాయి. ముడి పైకి తేలిందంటే పైదారం బిగువెక్కువ, కిందికి దిగిందంటే తక్కువ. టైలరు టెన్షన్ నాబ్ తిప్పుతూ సరిచూసేది ఈ సమతూకాన్నే. ఫ్యాక్టరీ మిషన్లలో ఈ తతంగమంతా నిమిషానికి 5,000 సార్ల దాకా జరుగుతుంది.

హంట్ తన మిషన్‌కి పేటెంట్ తీసుకోలేదు. తరవాత పిన్నీసు కూడా ఆయనే చేసి, ఆ హక్కు 400 డాలర్లకు అమ్ముకున్నాడు. 1846లో పేటెంట్ దక్కింది ఎలియాస్ హోవ్‌కి. ఆయన బట్టల మిల్లుల యంత్రాల దగ్గర పని నేర్చినవాడు. ఉచ్చులోంచి కిందిదారాన్ని మోసుకుపోవడానికి ఆయన వాడింది నేతమగ్గం మీది నాడె లాంటి షటిలే. బోస్టన్‌లో నిమిషానికి 250 కుట్లు వేసి, ఐదుగురు కుట్టుపని ఆడవాళ్లని ఓడించి చూపించాడు. ఎవరూ కొనలేదు. ఎందుకంటే గుడ్డని ముళ్లున్న లోహపు పట్టీకి నిలువుగా గుచ్చి వేలాడదీయాలి. పట్టీ అయిపోగానే ఆపి మళ్లీ గుచ్చాలి. వంపు తిప్పడం కుదరదు.

1851లో ఐజాక్ సింగర్ సూదిని నిలువుగా పెట్టి, గుడ్డని బల్ల మీద పరిచి, పైన ఒత్తే పాదం అమర్చాడు. ఆలెన్ విల్సన్ సూది కింద పళ్లు పెట్టాడు. అవి పైకి లేచి, గుడ్డని ముందుకు జరిపి, కిందికి దిగి, వెనక్కి వస్తాయి. సూది పైనున్నప్పుడు మాత్రమే గుడ్డ జరుగుతుంది కాబట్టి టైలరు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. హోవ్ సింగర్ మీద కోర్టుకెక్కాడు. హోవ్ కంటే ముందే ఇది ఉందని చూపడానికి సింగర్ పాత సామానులోంచి హంట్ మిషన్‌ని వెతికి బయటికి తీయించాడు. లాభం లేకపోయింది, 1854లో హోవ్ గెలిచాడు. 1856లో ప్రధాన తయారీదార్లు తమ పేటెంట్లు ఒకచోట కలిపేసుకున్నారు. హోవ్ కోటీశ్వరుడై 1867లో పోయాడు, ఆయన పేటెంట్ గడువూ ఆ ఏడే తీరింది.  ఆ తరవాత మోటారొచ్చింది, జిగ్‌జాగ్ వచ్చింది, కంప్యూటరొచ్చింది. ఉచ్చు, కొక్కెం, పళ్లు అలాగే ఉన్నాయి.

అయితే పూర్తయినట్టేనా? అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ లాంటి బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్లు మిషన్ల ముందు ఎందుకు కూర్చుని ఉన్నారు? కుట్టడం మిషనే కుడుతుంది. గుడ్డని అందించేది వాళ్ల వేళ్లు. కార్లు వెల్డింగ్ చేసే రోబో, ఇనప రేకు ఎక్కడ పట్టుకుంటే ఎక్కడుంటుందో ముందే లెక్కగట్టగలదు. గుడ్డకి స్థిరమైన ఆకారం లేదు. పట్టుకుంటే వేలాడుతుంది, లాగితే సాగుతుంది, వదిలితే ముడతపడుతుంది. చొక్కాకి చేతులు కుట్టేటప్పుడు చూడండి. చెయ్యి పైభాగం వంపు, చంక వంపు కంటే కాస్త పొడుగ్గా కత్తిరిస్తారు. ఆ ఎక్కువని ఎక్కడా కుచ్చు కనపడకుండా కొంచెం కొంచెంగా ఇముడుస్తూ, రెండు ఎదురెదురు వంపుల్ని ఒక అంచుకి తేవాలి. ఈ నేర్పు ఏ రోబోకీ ఇంకా సరిగ్గా పట్టుబడలేదు.

ఇన్నేళ్లుగా చాలామంది చేస్తున్నది వేళ్లని అనుకరించే ప్రయత్నమే. కెమెరాలు, సున్నితమైన పట్టకార్లు, ఇంకా తెలివైన సాఫ్ట్‌వేర్. రెండు మొనల సూది కూడా ఇదే దారి పట్టింది. 2016లో అమెరికాలో సోబో అనే సంస్థవాళ్లు వేరే వైపు నుంచి వచ్చారు. నీళ్లలో కరిగిపోయే పదార్థంతో గుడ్డని అట్టలా బిరుసెక్కించి, రోబోతో టీషర్టు కుట్టించి, తరవాత ఉతికేశారు. రోబోకి నేర్పు పెంచలేదు, గుడ్డ స్వభావాన్నే కాసేపు మార్చారు. అది ఫ్యాక్టరీలను మార్చేసిందేమీ లేదు. కానీ బెజ్జాన్ని మొనకి దించిన బుద్ధి అలాంటిదే. కనిపెట్టడానికి ఏం మిగిలిందో తెలియాలంటే ఏ పనికి ఇప్పటికీ చెయ్యి తప్పదో చూడాలి. ఆ జాబితాలో చొక్కా చెయ్యి ఇంకా ఉంది.