జీతం లేని విలేకరి, వార్త కాని దళితవాడ

నెల్లికుదురు లాంటి మండల కేంద్రంలో దాదాపు ప్రతి పెద్ద పత్రికకూ ఒక విలేకరి ఉంటారు. బండి మీద ప్రెస్ స్టిక్కర్, జేబులో ఐడీ కార్డు ఉంటాయి. జీతం మాత్రం ఉండదు. యాజమాన్యం లెక్కలో ఆయన ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే చెల్లింపు. చాలామందికి అది పెట్రోలుకూ చాలదు.

ఈ పద్ధతి ఎలా వచ్చింది? 1985లో మండలాలు ఏర్పడ్డాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ఆ పేజీలు రోజూ నిండాలంటే ఊరూరి వార్త కావాలి. మండలానికో ఉద్యోగిని పెట్టుకుంటే ఖర్చు. అందుకే రాతపనిని గుత్తకిచ్చినట్టు ఇచ్చేశారు. 2016 అక్టోబర్ 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడినా ఈ పద్ధతి మారలేదు.

గుత్త కింద మరో గుత్త కూడా ఉంది. చాలా ఊళ్లలో జరిగింది ఫోన్‌లో రాసి వాట్సాప్‌లో పంపేది ఇంకో యువకుడు. అతనికి పేరూ రాదు, పైసా రాదు.

కంట్రిబ్యూటర్‌కు అసలు ఆదాయం యాడ్స్ మీద వచ్చే కమీషనే. ఉగాదికి, ఆగస్టు 15కి, దసరాకు టార్గెట్లు ఉంటాయి. యాడ్ ఇచ్చేదెవరు? కాంట్రాక్టర్, రైస్‌మిల్లు యజమాని, ప్రైవేటు స్కూలు, రాజకీయ నాయకుడు. రేపు అట్రాసిటీ కేసులో నిందితుడు వాళ్లలో ఒకరైతే ఆ వార్త గతేమిటి? విలేకరి నిజాయితీ ఒక్కటే దీన్ని తేల్చదు. ఆయన పొట్ట ఎవరి చేతిలో ఉందో అదీ తేలుస్తుంది.

అందుకే దీన్ని మేం కులం ప్రశ్నగా చూస్తున్నాం. జీతం లేకుండా ఏళ్లతరబడి రాయగలిగేది భూమో వ్యాపారమో ఉన్నవాళ్లే. కూలి మీద బతికే ఇంటి బిడ్డకు మొదటి మెట్టే అందదు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ నివేదిక పరిశీలించిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవారివి. ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు. కింది మెట్టు ఎక్కనివ్వకపోతే పైన కనిపించేదెలా?

చట్టం ఏమంటోంది? 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పార్ట్‌టైమ్ విలేకరులనూ గుర్తించింది, కానీ జర్నలిజం ప్రధాన వృత్తిగా ఉండాలంది. మజీఠియా వేతన సిఫార్సులు కాంట్రాక్టు ఉద్యోగులకూ వర్తిస్తాయని 2017 జూన్ 19న సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు పాత చట్టాన్ని కలిపేసుకున్నాయి. కొత్త నిర్వచనంలో డిజిటల్ మీడియా చేరింది, ప్రధాన వృత్తి షరతు మాత్రం అలాగే ఉంది. ‘నువ్వు పొలం కూడా చేసుకుంటున్నావు కదా’ అని యాజమాన్యాలు తప్పించుకోవడానికి ఆ షరతే దారి. జీతం ఇవ్వనిదీ వాళ్లే, వేరే పని ఉందని వంక పెట్టేదీ వాళ్లే.

కాబట్టి రాసే మిత్రులు క్లిప్పింగులు, డెస్క్ పంపిన మెసేజ్‌లు, యాడ్స్ టార్గెట్ల లెక్కలు, అందిన చెల్లింపుల వివరాలు దాచుకోవాలి. కార్మిక శాఖ ముందు పనికొచ్చే సాక్ష్యం అదే. విద్యార్థి, దళిత సంఘాలు వాడ వార్త రాలేదని అడిగేటప్పుడు, ఆ వార్త రాయాల్సిన మనిషికి జీతమెంత అని కూడా అడగాలి.