నోవహు జలప్రళయం వస్తే చేపలు సేఫేనా? నీళ్లెక్కువైనా ముప్పే.. సైన్స్ ఏం చెబుతోందంటే..

ప్రపంచమంతా నీట మునిగితే మనుషులు, పశువులు, పక్షులు బతకడం కష్టమే. మరి చేపలకేంటి ఇబ్బంది? ఎంత నీరుంటే వాటికి అంత పండగే కదా! బైబిల్‌లోని నోవహు ఓడ కథ విన్న చాలామందికి వచ్చే డౌట్ ఇది. కానీ లెక్కలేసి చూస్తే సీన్ రివర్స్ అవుతుంది. అలాంటి ప్రళయమే వస్తే నీళ్లలో ఉండే జీవుల్లో చాలావాటికి ఆ నీళ్లే గండంగా మారతాయి. ఎలాగో చూద్దాం..

బైబిల్‌లో ఏముంది?

ఆదికాండము 6 నుంచి 9 అధ్యాయాల్లో ఈ కథ ఉంటుంది. 40 పగళ్లు, 40 రాత్రులు వాన కురిసింది. ఎత్తయిన కొండల మీద 15 మూరల నీరు నిలిచింది. 150 రోజులు ఆ నీటిదే రాజ్యం. నోవహు కుటుంబం ఓడలోంచి బయటకు వచ్చేసరికి ఏడాది దాటింది. పొడి నేల మీద ఊపిరి తీసే జీవులన్నీ చనిపోయాయని అక్కడ ఉంది. చేపల్ని ఓడలోకి ఎక్కించమని నోవహుకు ఎక్కడా చెప్పలేదు. అంటే అవి నీళ్లలోనే బతికాయన్నది కథలో అంతర్లీనంగా ఉన్న మాట. సైన్స్ పరంగా ప్రశ్న మొదలయ్యేది ఇక్కడే.

అసలు సమస్య ఉప్పుతోనే..

చేపకు నీళ్లన్నీ ఒకటి కావు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నదులు, చెరువుల్లో అర గ్రాము కూడా ఉండదు. మామిడికాయ ముక్కకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుంది కదా.. సముద్రంలో చేప ఒంట్లోంచి నీరు అలాగే బయటకు పోతూ ఉంటుంది. అందుకే అది సముద్రపు నీటినే తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటకు పంపేస్తుంది. చెరువు చేపది రివర్స్ కేసు. నానబెట్టిన శనగల్లా దాని ఒంట్లోకి నీరు చేరుతూనే ఉంటుంది. ఆ నీటిని మూత్రంగా వదిలేస్తూ, ఒంట్లోని ఉప్పును కాపాడుకుంటుంది.

అందుకే బొచ్చె, శీలావతి లాంటి చెరువు చేపల్ని తీసుకెళ్లి సముద్రంలో వదిలితే బతకవు. వంజరాన్ని తెచ్చి చెరువులో వేసినా అంతే.

లెక్కేస్తే ఎంత ఉప్పు మిగులుతుంది?

ఎవరెస్ట్ ఎత్తు 8,849 మీటర్లు. అది మునగాలంటే ఇప్పుడున్న నీళ్లు చాలవు. మహాసముద్రాల్లో ఉన్నది సుమారు 133 కోట్ల ఘన కిలోమీటర్ల నీరు. దానికి మరో 440 కోట్ల ఘన కిలోమీటర్లు తోడవ్వాలి. అంటే ఉన్నదానికి మూడింతల పైనే!

ఆ కొత్త నీరంతా వాన నీరే అనుకుంటే, అంతా కలిశాక లీటరుకు దాదాపు 8 గ్రాముల ఉప్పే మిగులుతుంది. సముద్ర జీవుల్లో చాలావాటికి ఇది మరీ తక్కువ. మంచినీటి జీవుల్లో చాలావాటికి మరీ ఎక్కువ. భూమి లోపలి ఊటలు కూడా తెరుచుకున్నాయని ఆదికాండము చెబుతుంది. ఆ నీరు ఉప్పుదైతే సముద్ర చేపలు గట్టెక్కొచ్చు, కానీ చెరువు చేపల పని అయిపోయినట్టే. ఎటు తిప్పినా ఏదో ఒక వర్గానికి దెబ్బ తప్పదు.

యూరప్‌లోని బాల్టిక్ సముద్రంలో చాలాచోట్ల ఉప్పు దాదాపు ఈ స్థాయిలోనే ఉంటుంది. అక్కడ సముద్ర చేపలు, మంచినీటి చేపలు కలిసే బతుకుతున్నాయి. కానీ పక్కనే ఉన్న ఉత్తర సముద్రంతో పోలిస్తే జాతుల సంఖ్య చాలా తక్కువ. ఉన్నవాటికి కూడా ఆ నీటికి అలవాటు పడటానికి వేల ఏళ్లు దొరికాయి. ప్రళయంలో దొరికేది నెలలే.

పులస లాంటివి బతుకుతాయా?

కొన్నింటికి ఛాన్స్ ఉంది. బంగాళాఖాతం నుంచి గోదావరికి ఎదురీదే పులస రెండు రకాల నీటినీ తట్టుకుంటుంది. సాల్మన్, ఈల్, బుల్ షార్క్, మన పండుగప్ప కూడా ఇదే కోవలోకి వస్తాయి. అయితే పెద్ద చేప బతికితే సరిపోదు. పులస గుడ్లు పెట్టడానికి నది కావాలి. ఏడాది పాటు నదే కనిపించకపోతే తర్వాతి తరం ఎక్కడి నుంచి వస్తుంది?

కదల్లేని జీవుల పరిస్థితి ఇంకా దారుణం..

పగడాలకు ఎండ కావాలి. ఇప్పుడు కొద్ది మీటర్ల లోతులో ఉన్న పగడపు దిబ్బలు దాదాపు 9 కిలోమీటర్ల నీటి కిందకు వెళ్లిపోతాయి. అక్కడ వెలుగు ఉండదు. పైగా నీటి బరువు 800 రెట్లకు పైగా పెరుగుతుంది. ఇప్పటివరకు కెమెరాకు చిక్కిన చేపల్లో అత్యంత లోతున కనిపించింది జపాన్ దగ్గర, 8,336 మీటర్ల వద్ద. ప్రళయం వస్తే నేటి సముద్రపు అడుగంతా అంతకంటే లోతుకు పోతుంది. చేపలైతే పైకి ఈదుకుంటూ రావొచ్చు. పగడాలు, ఆల్చిప్పలు ఎక్కడికి పోతాయి?

2019లో ఏం జరిగిందంటే..

ఇదంతా ఊహే అనుకోవద్దు. 2019లో అమెరికాలో మిసిసిపీ నదికి భారీ వరద వచ్చింది. న్యూ ఆర్లీన్స్‌ను కాపాడేందుకు బోనె కారే స్పిల్‌వే గేట్లను రెండు విడతల్లో 123 రోజులు తెరిచి ఉంచారు. ఆ మంచినీరు మిసిసిపీ సౌండ్ తీరంలోకి చేరింది. ఫలితంగా అక్కడి ఆల్చిప్పలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. డాల్ఫిన్ల చర్మంపై పుండ్లు వచ్చాయి, చాలా డాల్ఫిన్లు చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటి మీదే ఆధారపడ్డ మత్స్యకారుల ఉపాధి పోవడంతో ప్రభుత్వం దాన్ని మత్స్య విపత్తుగా ప్రకటించాల్సి వచ్చింది. ఒక్క నది నీటికే ఇంత జరిగింది!

నమ్మేవాళ్లు ఏమంటున్నారు?

ప్రళయం అక్షరాలా జరిగిందనే వాళ్ల దగ్గర కూడా సమాధానాలున్నాయి. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి పైన పొరలా నిలిచి ఉంటుందని, రెండు రకాల చేపలూ వాటి వాటి పొరల్లో బతికి ఉంటాయని అంటారు. అప్పటి కొండలు ఇంత ఎత్తు లేవన్నది మరో వాదన. పొరల మాటలో కొంత నిజం ఉంది. నదులు సముద్రంలో కలిసే చోట అలాంటి పొరలు ఏర్పడతాయి. కానీ తుపానులు, అలలు వాటిని కలిపేస్తాయి. ఏడాది పాటు ప్రపంచమంతా పొర చెదరకుండా నిలవడం కష్టం. కొండలు చిన్నవే అనుకున్నా, నీరు తగ్గాక ఇంకో చిక్కుంది. రష్యాలోని బైకాల్ సరస్సు జీవుల్లో చాలావరకు ప్రపంచంలో మరెక్కడా కనిపించవు. సముద్రం ఒకసారి దాన్ని ముంచేసి ఉంటే అవి ఇవాళ అక్కడ ఉండటాన్ని వివరించడం అంత ఈజీ కాదు.

మొత్తానికి కథను ఎలా నమ్మాలన్నది ఎవరి విశ్వాసం వాళ్లది. శాస్త్రం చెప్పేది మాత్రం ఒక్కటే.. అంతటి వరద వస్తే కొన్ని చేపలు గట్టెక్కుతాయి, చాలా జాతులు మాత్రం నీళ్ల మధ్యే అంతరించిపోతాయి. చేపకు కావాల్సింది ఎక్కువ నీళ్లు కాదు, దానికి సరిపడే నీళ్లు.