నెత్తురు చుక్కలో డీఎన్ఏ ఎక్కడ?

ల్యాబులో నేను రోజూ చూసేది నెత్తురు చుక్కలనే. గాజు పలక మీద పలచగా పరిచి, లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్ర కణాలు గుండ్రంగా, నడుమ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఎదిగిన ఎర్ర కణంలో కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా కూడా ఉండవు. కేంద్రకాన్ని ఎముక మజ్జలోనే బయటికి నెట్టేసి మరీ రక్తంలోకి వస్తుంది. అందుకే రక్తంతో చేసే డీఎన్ఏ పరీక్షకు తెల్ల కణాలే ఆధారం. ఊదారంగులో మెరిసే వాటి కేంద్రకంలో 46 క్రోమోజోములుంటాయి. అదే కోడి నెత్తురు చూడండి, ప్రతి ఎర్ర కణంలోనూ కోలగా ఒక కేంద్రకం! నాకు ఇప్పటికీ అబ్బురమే.

మన మైటోకాండ్రియాలోనూ కాస్త డీఎన్ఏ ఉంది: 37 జన్యువులు, తల్లి నుంచి వచ్చినవి. మొక్కలకైతే హరితరేణువుల్లోనూ ఉంటుంది.

బ్యాక్టీరియాకు అసలు కేంద్రకమే లేదు. ఈ.కోలైలో సుమారు 46 లక్షల క్షార జతల డీఎన్ఏ వలయం, చుట్టూ ఏ పొరా లేకుండా కణం నడుమ ముడుచుకుని ఉంటుంది. పక్కనే ప్లాస్మిడ్లనే చిన్న వలయాలు ఉండొచ్చు. మందులకు లొంగని గుణం ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకేది చాలాసార్లు వీటి ద్వారానే. డాక్టరు రాయకుండానే యాంటీబయాటిక్ కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు దిగులు పుట్టేది అందుకే.