వెలుగు వెనుక విషవాయువు

తుఫాను వెలిసింది. గాలి తగ్గింది. ఇక భయం లేదనుకుంటాం. కాని ఒక్కొక్కసారి మరో ప్రమాదం అప్పుడే ఇంట్లోకి అడుగు పెడుతుంది!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. కరెంటు స్తంభాలు కూలి, నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. మేడమీది ట్యాంకులకు నీరెక్కించడానికి చాలాచోట్ల జనరేటర్లే దిక్కయ్యాయి. అలాంటప్పుడు జనరేటర్‌ను ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. 2020 ఆగస్టులో అమెరికాలోని లూసియానాను లారా తుఫాను తాకినప్పుడు, కనీసం ఎనిమిది మంది జనరేటర్లు వదిలిన విషవాయువుకు బలయ్యారు.

ఆ వాయువే కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు, డీజిలు, బొగ్గు, కట్టెలు అన్నింటిలోనూ కార్బన్ ఉంది. మండేటప్పుడు చాలినంత ఆక్సిజన్ దొరికితే అది కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. చాలకపోతే ఒక్కో కార్బన్ పరమాణువుకు ఒక్క ఆక్సిజన్ పరమాణువే దక్కి, మోనాక్సైడ్ తయారవుతుంది. దీనికి రంగు, రుచి, వాసన లేవు.

మన రక్తంలోని హీమోగ్లోబిన్ పని ఆక్సిజన్‌ను మోయడం. కాని అది కార్బన్ మోనాక్సైడ్‌ను 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పటాన్‌చెరు బస్సులో సీట్లన్నీ వేరేవాళ్లు ఆక్రమిస్తే మీరు నిలబడిపోయినట్టే, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. మెదడు, గుండె అలమటిస్తాయి.

ఒక చిన్న లెక్క వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో 1000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. అందులో ఒక్క ఘనపుటడుగు మోనాక్సైడ్ చేరితే 0.1 శాతం అన్నమాట. అక్కడ నిద్రించేవారి ప్రాణం పోవడానికి కొద్ది గంటలు చాలు. చిన్న జనరేటర్ అంత వాయువును కొన్ని నిమిషాల్లోనే వదలగలదు!

ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు వస్తాయి. అలసట అనుకుని పడుకుంటే మళ్లీ లేవకపోవచ్చు. కోవిడ్ నాడు కొన్న పల్స్ ఆక్సీమీటరును ఇక్కడ నమ్మకండి. మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదిగా పొరబడి, అంకె బాగానే చూపిస్తుంది. ముక్కుకు కట్టిన తడిగుడ్డ కూడా ఈ వాయువును ఆపదు.

మా కాజీపల్లి వంటి పారిశ్రామికవాడల్లో పెద్ద జనరేటర్‌కు పొగ పైకి పోయే గొట్టం ఉంటుంది. చేత్తో మోసుకుపోయే చిన్న జనరేటర్‌కు అది ఉండదు. పొగ మన ఎత్తులోనే చుట్టుకుంటుంది. కర్మాగారాలకూ ఈ వాయువు కొత్త కాదు. 2018 జూలై 12న తాడిపత్రిలోని ఒక ఉక్కు కర్మాగారంలో ఇదే లీకై ఆరుగురు కార్మికులు మరణించారు.

మరి ఏం చేయాలి?

జనరేటర్‌ను ఇంట్లో, వరండాలో, మెట్లకింద, కిటికీ పక్కన పెట్టకూడదు. కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటివైపు లేకుండా ఆరుబయట ఉంచాలి. కిటికీలు తెరిచాం కదా అని లోపల నడపకూడదు. చలికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడమూ ఇంతే ప్రమాదం.

ఎవరికైనా తల తిరిగితే అందరూ వెంటనే బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర చాలు.

ఈసారి కరెంటు పోయి మీ వీధిలో జనరేటర్ చప్పుడు వినబడితే, అది ఎక్కడ ఉందో ఒకసారి చూడండి. గోడకు ఆనుకుని ఉంటే పెద్దలతో చెప్పి దూరం జరిపించండి. ఎందుకో అడిగితే, పైన వేసిన లెక్క చెప్పండి!