అత్యవసర కడుపునొప్పికి కీహోల్ శస్త్రచికిత్స: ఎప్పుడు మేలు? ఎప్పుడు కాదు?

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి పల్లెలో అర్ధరాత్రి ఎవరికైనా భరించలేని కడుపునొప్పి వస్తే ఏం చేయాలి? ద్వీపాలన్నింటికీ రిఫరల్ ఆసుపత్రి శ్రీ విజయపురం (ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్)లోని జి.బి.పంత్ ఆసుపత్రి. చెన్నైకి వెళ్లాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. అందుకే ఇక్కడ ప్రతి గంటా విలువైనదే.

మనవాళ్లు ‘24 గంటల నొప్పి’ అని పిలిచే అపెండిసైటిస్, పిత్తాశయం వాపు, అల్సర్ పుండు చిల్లు పడటం, స్త్రీలలో గర్భాశయం బయట గర్భం నిలిచి పగలడం... ఇవన్నీ అత్యవసర స్థితులే. ఒకప్పుడు వీటికి కడుపుపై పెద్ద కోత తప్పేది కాదు. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే వైద్యుడు అపెండిక్స్‌ను కీహోల్ పద్ధతిలో తొలగించారు. మనదేశంలో ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలిసారి తొలగించినది ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహంటన్ ఉద్వాడియా, 1990లో.

ఇందులో రోగికి పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర సుమారు 1 సెంటీమీటరు రంధ్రం చేస్తారు. దానిద్వారా కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపి పొట్టను ఉబ్బిస్తారు. ఈ వాయువు మండదు. రక్తంలో కరిగి, ఊపిరితో బయటికి పోతుంది. లోపలికి పంపిన కెమెరా తెరపై కడుపునంతా చూపిస్తుంది. మరో రెండు, మూడు చిన్న రంధ్రాలలోంచి పరికరాలు పని చేస్తాయి. నొప్పికి కారణం స్పష్టంగా తెలియనప్పుడు, కోత పెద్దది చేయకుండానే దాన్ని కనిపెట్టవచ్చు. గాయం చిన్నది కావడంతో నొప్పి, గాయంలో చీము పట్టే అవకాశం తగ్గుతాయి. రోగి త్వరగా లేచి తిరుగుతాడు.

అయితే ఇది అందరికీ తగదు. రక్తస్రావంతో రక్తపోటు బాగా పడిపోయినవారిలో, పొట్టలోని వాయువు ఒత్తిడి వల్ల గుండెకు తిరిగి చేరే రక్తం ఇంకా తగ్గుతుంది. పేగులు విపరీతంగా ఉబ్బినప్పుడు పరికరాలకు చోటే ఉండదు. ఇలాంటి సందర్భాల్లో పెద్ద కోతే సురక్షితం. కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోతకు మారినా, అది వైఫల్యం కాదు. ప్రాణరక్షణకు తీసుకున్న నిర్ణయం.

నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగినా, పొట్ట చెక్కలా బిగుసుకున్నా, నొప్పితోపాటు స్పృహ తప్పుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరేచనాల మందు వేయకూడదు. ఆహారం, నీరు ఇవ్వకూడదు. నొప్పి ఎప్పుడు మొదలైందో వైద్యునికి చెప్పాలి. రంధ్రమా, కోతా అన్నది వైద్యుడు తేలుస్తాడు. వేళకు చేరుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.